లెపర్డ్ గెకో కన్ను మూసుకుపోతే: 26 రోజుల వైద్యం, నా అనుభవం

దీపం ఆపిన కాసేపటికి నేను పెంచుకునే లెపర్డ్ గెకో (ఒక రకం బల్లి) గూట్లోంచి బయటికొచ్చింది. కుడి కన్ను మామూలుగానే ఉంది, ఎడమ కన్ను మాత్రం గట్టిగా మూసుకుని ఉంది. ముందు మీల్‌వార్మ్ పెడితే మీదికి దూకింది గానీ, పురుగుకి అరంగుళం పక్కన నేలని కొరికింది. రెండోసారీ అంతే. ఒంటి కంటితో దూరం అంచనా తప్పుతోందన్నమాట. మూడు రోజుల ముందే కుబుసం విడిచింది కాబట్టి రెప్ప కింద తోలు ముక్క ఇరుక్కుందని వెంటనే అనుకున్నాను. అందులో సగమే నిజమని ఐదో రోజుకి తెలిసింది. ఆ మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను. గెకో కన్ను విషయంలో ఇంట్లో జరిగే పొరపాట్లు చాలావరకు "ఆఁ, కుబుసమే అయ్యుంటుంది" దగ్గరే మొదలవుతాయి.

ముందు మీది ఏ గెకోనో చూసుకోండి. లెపర్డ్ గెకోకీ, ఫ్యాట్‌టెయిల్ గెకోకీ కదిలే రెప్పలుంటాయి. క్రెస్టెడ్, గార్గాయిల్, టోకే, డే గెకోలకి రెప్పలుండవు. కంటిని కప్పుతూ అద్దంలాంటి పొలుసు ఒకటి శాశ్వతంగా ఉంటుంది, దాన్ని నాలుకతో తుడుచుకుంటూ ఉంటాయి. నేను కింద చెప్పే తడపడం, తుడవడం అంతా రెప్పలున్నవాటికే. రెప్పల్లేని గెకో కంటి మీద తెల్లపొర కనిపించిందని ట్వీజర్‌తో లాగితే, పాత పొరతో పాటు అసలు అద్దమూ ఊడి చేతికొస్తుంది. అప్పుడు నల్లగుడ్డు గాలికి ఎండిపోయి కన్నే పోతుంది. వాటికైతే తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఓపిక పట్టడమే మొదటి మందు. ఒకవేళ ఆ అద్దం వెనక నీరు గానీ చీము గానీ చేరి కన్ను బుడగలా ఉబ్బితే, అది పూర్తిగా డాక్టర్ పని. మత్తిచ్చి, అద్దానికి కింది అంచున చిన్న ముక్క కోసి, లోపలిది బయటికి కారే దారి చేస్తారు.

నా దగ్గరున్నది పెద్ద లెపర్డ్ గెకో. మొదటి రోజు రాత్రి దాన్ని పట్టుకోకుండా చూడటమే చేశాను. మొదట తూకం: వంటింటి డిజిటల్ కాటా మీద మూతున్న డబ్బా పెట్టి, సున్నా చేసి, అందులో గెకోని వదిలితే 58 గ్రాములు. నెల కిందట రాసుకున్న లెక్క 63. అంటే 8 శాతం తగ్గింది. పది శాతం దాటితే నేను ఇంటి వైద్యం అనే మాటే ఎత్తను. తోక ఇంకా లావుగానే ఉంది, కాబట్టి ఒకటి రెండు వారాలు తినకపోయినా దాని నిల్వ దానికుంది. కళ్ళు లోపలికి పోలేదు. లోపలికి పోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం, అప్పుడు కంటికంటే ముందు దాని సంగతి చూడాలి.

తర్వాత టార్చ్. వెలుగు నేరుగా కంట్లోకి కొట్టకూడదు, ఆల్బినో (ఒంట్లో నల్లరంగు లేని) రకాలకైతే అసలే వద్దు. పక్కనుంచి, వాలుగా వేస్తే రెప్ప మీద ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. ఎడమ రెప్ప అంచు చుట్టూ సన్నటి తెల్లని వలయం ఉంది. ఎండిన కుబుసం అలాగే ఉంటుంది, ఉల్లిపొరలా, ఒక చోట అంచు లేచి. కానీ కింది రెప్ప మధ్యలో చిన్న ఉబ్బు కూడా ఉంది. దాన్నీ చూశాను, ఫోటో కూడా తీశాను, పట్టించుకోలేదు. ఆ ఉబ్బే అసలు కథ.

కన్ను మూసుకోవడం ఒక జబ్బు కాదు. కంట్లో ఏం నొప్పి పెట్టినా గెకో చేసే పని అదొక్కటే. ఇరుక్కున్న కుబుసం, ఇసుక రేణువు, రాత్రంతా గెకో ఉండే ట్యాంకులో వదిలేసిన కీచురాయి కొరికిన గాయం, నల్లగుడ్డు మీద పుండు, విటమిన్ ఎ లోపం, కంటికి మరీ దగ్గరగా పెట్టిన యూవీబీ (అతినీలలోహిత కాంతి) బల్బు, అన్నిటికీ బయటికి కనిపించేది ఆ మూసిన రెప్పే. నేను వాడే మోటు లెక్క ఒకటుంది. ఒక్క కన్నే అయితే ఆ కంట్లోనే ఏదో ఉంది, రెండు కళ్ళూ అయితే ట్యాంకులోనో తిండిలోనో ఉంది. చాలాసార్లు పనికొచ్చే లెక్కే. ఈసారి మాత్రం ఇదే నన్ను పక్కదారి పట్టించింది.

రెండో రోజు సాయంత్రం తేమ డబ్బా పెట్టాను. గెకో చుట్టూ తిరగగలిగేంత ప్లాస్టిక్ డబ్బా, మూతకి పది పన్నెండు కన్నాలు, అడుగున నాలుగు మడతల టిష్యూ. గోరువెచ్చని నీళ్ళు పోసి, పిండితే ధార కాకుండా చుక్కలు పడేంత తడిగా ఉంచాను. నీళ్ళు నిలవకూడదు. కళ్ళు కనపడని గెకో నీళ్ళలో కంగారు పడుతుంది, మింగుతుంది. డబ్బాని థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్ మీద సగం మాత్రమే ఆనించి, లోపల 29 నుంచి 31 డిగ్రీలు ఉండేలా చూశాను. 25 నిమిషాలు. పది నిమిషాలకే తీస్తే పై తోలు మాత్రమే నానుతుంది, రెప్ప మడతలో ఉన్నది నానదు.

ఆ తర్వాత సెలైన్. మందుల షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్, చిన్న ఆంప్యూల్స్ అయితే మేలు, ఒకటి తెరిచి వాడి పారెయ్యొచ్చు. కాంటాక్ట్ లెన్స్ ద్రావణం వాడకండి, అందులో లెన్సుని శుభ్రం చేసే రసాయనాలుంటాయి. పంపు నీళ్ళూ వద్దు. సెలైన్ ఫ్రిజ్‌లోంచి తీసినది కాకుండా, గుప్పిట్లో ఐదు నిమిషాలు పట్టుకుని వెచ్చబరచాలి. చల్లటి చుక్క పడగానే గెకో తల విదిలించి గింజుకుంటుంది, ఇక ఆ పూటకి పని కాదు.

పట్టుకోవడం గురించి రెండు మాటలు. తోక జోలికి వెళ్ళకూడదు, భయపడితే వదిలేస్తుంది. పలచటి మెత్తని గుడ్డలో ఒళ్ళు చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి, ఎడమ అరచేతిలో బోర్లా పడుకోబెట్టాను. బొటనవేలు మెడ వెనక, చూపుడువేలు దవడ కింద ఊతంగా, అంతే. నొక్కకూడదు. మెడ నొక్కితే రక్తం తలలోకి ఎక్కి కళ్ళు ఉబ్బుతాయి. కుబుసం వదిలేటప్పుడు బల్లులు తలలో రక్తపు ఒత్తిడి పెంచుకుని పాత తోలుని వదులు చేస్తాయి, అదే మన వేళ్ళ వల్ల జరుగుతుంది.

మూసిన రెప్పల అంచు మీద రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ రెండు. అలా ఐదు నిమిషాలు. అప్పుడు ఇయర్‌బడ్‌ని సెలైన్‌లో బాగా తడిపి, పొడి దూది పోగులు ఏవీ లేచి లేవని చూసుకుని, ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకి దొర్లించాను. రుద్దకూడదు, వేళ్ళ మధ్య బడ్ తిప్పుతూ దొర్లించాలి. నాలుగోసారికి ఆ తెల్లని వలయం లేచిన అంచు బడ్‌కి అంటుకుని, మెల్లిగా చుట్టూ తిరిగి మొత్తం ఒకే ముక్కగా వచ్చేసింది. రెప్పల ఆకారమే దాని ఆకారం, మధ్యలో సన్నని చీలిక. గెకో రెండు మూడుసార్లు రెప్ప కొట్టి కన్ను సగం తెరిచింది.

ఇక అయిపోయిందనుకున్నాను. పొద్దున చూస్తే కన్ను మళ్ళీ మూసుకుని ఉంది, రెప్పల మధ్య కొంచెం జిగురు.

మూడో రోజు, నాలుగో రోజు అదే తంతు మళ్ళీ చేశాను. ఇది చెయ్యకూడని పని. కుబుసం వచ్చేశాక కూడా 24 గంటల్లో కన్ను తెరవకపోతే లోపల వేరే ఏదో ఉందనే అర్థం. పైపైన తుడుస్తూ పోతే అప్పటికే మంటగా ఉన్న పొరని ఇంకా రేపుతున్నట్టే. అయితే ఒక్క విషయంలో నిగ్రహం చూపించాను, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు జోలికి పోలేదు. దాని లేబుల్ మీద డెక్సామెథాసోన్ అని ఉంది, అంటే స్టెరాయిడ్ కలిపినది. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్క పడితే ఎరుపు తగ్గి బాగైనట్టే కనిపిస్తుంది, లోపల పుండు మాత్రం మానక లోతుకి దిగుతుంది. ప్రెడ్నిసొలోన్, బీటామెథాసోన్, డెక్సామెథాసోన్, ఈ పేర్లు కనిపిస్తే సీసా పక్కన పెట్టెయ్యండి. నొప్పి తగ్గించే మందు కలిపిన యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు కూడా వద్దు, చివర 'కెయిన్' అని ఉన్న పేర్లన్నీ ఆ కోవలోవే.

ఐదో రోజు సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి. వెళ్ళేటప్పుడు డబ్బాలో పొడి టిష్యూ, పక్కన గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసా, ఈ ఐదు రోజుల ఫోటోలు, తూకాల కాగితం, వాడుతున్న కాల్షియం, విటమిన్ డబ్బాలు తీసుకెళ్ళాను. ఆ డబ్బాలు తీసుకెళ్ళడం కలిసొచ్చింది.

మొదట చేసింది ఫ్లోరెసీన్ పరీక్ష. నారింజ రంగు కాగితపు పట్టీని సెలైన్‌తో తడిపి, ఆ తడిని కంటికి తాకించి, కడిగేసి, నీలి వెలుగులో చూస్తారు. నల్లగుడ్డు పై పొర చెక్కుచెదరకుండా ఉంటే రంగు నిలవదు, గీత పడితే ఆ చోట పచ్చగా మెరుస్తుంది. మాకు కింది వైపున ఆవగింజలో సగమంత మచ్చ మెరిసింది. పుండు పైపైనే ఉంది, లోతు లేదు. తర్వాత ఐవీ కాన్యులాకి (నరంలోకి సెలైన్ ఎక్కించే గొట్టానికి) సూది తీసేసి, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం సెలైన్ సిరంజికి తగిలించి, కింది రెప్ప మడతలోకి మెల్లిగా పంపారు. రెండోసారి తోసినప్పుడు ఒక గట్టి గింజ బయటికి దొర్లింది. నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, లేత పసుపు, ఒక వైపు నున్నగా గుంటపడి ఉంది, కనుగుడ్డు వంపుకి అచ్చు పోసినట్టు. వేలి గోరుతో నొక్కితే నలగలేదు, ముక్కలైంది. నేను చూసి వదిలేసిన ఉబ్బు ఇదే.

బల్లుల చీము మన చీములా కారదు. మన తెల్ల రక్తకణాల్లో చీముని పలచబరిచే ఎంజైములుంటాయి, సరీసృపాల కణాల్లో ఆ పని చేసేవి తక్కువ. అందుకే వాటి చీము జున్నుముక్కలా గడ్డకడుతుంది. గడ్డకట్టినదాన్ని చుక్కల మందు కరిగించలేదు, చేత్తో తియ్యాల్సిందే. యాంటీబయాటిక్ పది రోజులు వేసినా తగ్గలేదని చాలామంది వాపోవడం వెనక కారణం ఇదే, మందు మంచిదే, గింజ లోపలే ఉంటుంది. అయితే ఆ గింజని ఇంట్లో బడ్‌తోనో పిన్నుతోనో తియ్యాలని చూడకండి. కింది రెప్ప లోపలి పొర ఎంత పలచనంటే, గింజ దానికి అతుక్కుని ఉంటే పొరే చిరుగుతుంది.

డాక్టర్ బాగున్న కుడి కన్ను రెప్ప కూడా దించి చూశారు. అక్కడా రవ్వంత తెల్లని పొడి చేరి ఉంది. అంటే నా "ఒక్క కన్నే కదా" లెక్క తప్పు, రెండు కళ్ళలోనూ అదే జరుగుతోంది, ఒకటి ముందుగా బయటపడిందంతే. అప్పుడు అడిగారు విటమిన్ డబ్బా. లేబుల్ మీద విటమిన్ ఎ అన్న చోట బీటా కెరోటిన్ అని మాత్రమే ఉంది. పైగా తెరిచి పద్నాలుగు నెలలైంది.

విటమిన్ ఎ తగ్గితే కన్నీటి గ్రంథులూ, రెప్ప లోపలి తడి పొరా తమ తీరు మార్చుకుని గట్టి కెరటిన్‌ని (గోళ్ళలో ఉండే పదార్థం) తయారు చేయడం మొదలుపెడతాయి, అచ్చం పై చర్మంలా. తడి ఉండాల్సిన చోట పొట్టు రాలుతుంది. ఆ పొట్టు మడతలో పోగుపడి, బాక్టీరియా చేరి, గింజగా గట్టిపడుతుంది. కన్నీరు తగ్గడంతో కుబుసం కూడా రెప్ప అంచున సరిగా ఊడదు. నేను పట్టుకున్న తెల్లని వలయం రోగం కాదు, పైకి కనిపించిన దాని కొస మాత్రమే. కీటకాలు తినే బల్లులు కెరోటిన్ నుంచి విటమిన్ ఎ తయారు చేసుకోవడంలో అంత గట్టివి కావన్నది సరీసృపాల వైద్యుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. అందుకే లేబుల్ మీద నేరుగా విటమిన్ ఎ రూపాలైన రెటినాల్, రెటినిల్ అసిటేట్, రెటినిల్ పామిటేట్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. 

అలాగని విటమిన్ ఎ గుళిక పగలగొట్టి నాకించడం ఇంకా ప్రమాదం. ఇది కొవ్వులో నిలవ ఉండే విటమిన్, ఎక్కువైతే బయటికి పోదు. మోతాదు మించితే కాలినట్టు తోలు ఊడిపోతుంది, ముఖ్యంగా ఇంజెక్షన్‌తో. 58 గ్రాముల ప్రాణికి మనుషుల గుళిక కొండంత మోతాదు. మాకు డాక్టర్ తూకం చూసి నోటి ద్వారా ఇచ్చే కొలత రాశారు, వారం తర్వాత రెటినాల్ ఉన్న పొడిని వారానికి ఒకసారి పురుగుల మీద పలచగా చల్లమన్నారు. రెండు మూడు కంపెనీల పొడులు ఒకేసారి కలపకూడదు, విటమిన్ ఎ, డి3 రెండూ లెక్క తప్పుతాయి. డబ్బా తెరిచిన తేదీ మూత మీద మార్కర్‌తో రాసి, ఆరు నెలలకి పారేస్తున్నాను.

ఇక చుక్కలు. ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 0.3 శాతం, రోజుకి మూడుసార్లు, ఆయింట్‌మెంట్ ఒకసారి. "కంట్లో ఒక చుక్కే కదా" అనుకునేవాళ్ళు ఈ లెక్క చూడాలి. సీసా నుంచి పడే చుక్క దాదాపు 0.05 మిల్లీలీటర్లు. 0.3 శాతం అంటే మిల్లీలీటర్‌కి 3 మిల్లీగ్రాములు, కాబట్టి చుక్కలో 0.15 మిల్లీగ్రాము మందు. 58 గ్రాముల గెకోకి అది కేజీకి 2.6 మిల్లీగ్రాములు. 60 కేజీల మనిషి ఒక విడతకి 155 మిల్లీగ్రాములు మింగినట్టు. కంటి నుంచి నోట్లోకి సన్నని నాళం ఉంది, వేసిందంతా కంట్లోనే ఉండిపోదు, మింగుతుంది కూడా. జెంటామైసిన్‌లాంటి కిడ్నీల మీద పడే మందులకి ఇది చాలా ముఖ్యం, నీరు తగ్గిన గెకోకి మరీ. అందుకే నేను నీళ్ళలో మరిగించి చల్లార్చిన స్టీల్ చెంచాలో చుక్కని వేసి, సూది తీసేసిన 1 మిల్లీలీటర్ సిరంజితో 0.02 మాత్రమే లాగి, రెప్ప అంచున పెట్టేవాణ్ణి. ఆ కంట్లో పట్టేది అంతే, మిగతాది దవడ మీదికి కారుతుంది. నిమిషం ఆగి, కారినదాన్ని టిష్యూతో అద్దెయ్యాలి. సీసా మొన కంటికి గానీ తోలుకి గానీ తగలకూడదు, తెరిచిన నెల దాటాక ఆ సీసా వాడకూడదు.

చుక్కలకీ ఆయింట్‌మెంట్‌కీ మధ్య పది నిమిషాలు, ఆయింట్‌మెంటే ఆఖర్న. ముందు ఆయింట్‌మెంట్ పెడితే ఆ జిడ్డు మీద చుక్క నిలవదు. ఎనిమిదో రోజున నాకొక ఎదురుదెబ్బ తగిలింది. ఆయింట్‌మెంట్ రాత్రి పూట పెట్టాను, గెకో తిరిగే సమయం అదేనని తట్టలేదు. ఆ జిడ్డు కంటితో కాల్షియం చల్లిన పురుగు మీదికి దూకితే పొడి అంతా రెప్పకి అంటుకుపోయి, తెల్లారేసరికి పిండిముద్దలా ఎండింది. దాన్ని నానబెట్టి తియ్యడానికి మళ్ళీ అరగంట సెలైన్. ఆ తర్వాత క్రమం మార్చాను. సాయంత్రం ముందు తిండి, గంట తర్వాత చుక్క. అర్ధరాత్రి దాటేముందు ఇంకో చుక్క. పొద్దున అది గూట్లోకి వెళ్ళి పడుకున్నాక చుక్క, పది నిమిషాలకి ఆయింట్‌మెంట్. పడుకుని ఉంటుంది కాబట్టి జిడ్డు పగలంతా కంటి మీదే ఉంటుంది. వైద్యం నడిచినన్నాళ్ళూ పురుగుల మీద కాల్షియం పొడి చల్లడం ఆపి, పురుగులకే ముందు రోజు మంచి మేత పెట్టాను.

పక్కమాట ఒకటి. కుక్కలూ పిల్లులకి కంటి నొప్పి తగ్గించడానికి అట్రోపిన్ చుక్కలు వేస్తారని విని ఇక్కడా వెయ్యబోకండి. బల్లుల కంటిపాపని నడిపే కండరం మన చేతి కండరంలాంటి రకం, అట్రోపిన్ మాట వినదు. కంటిపాప విప్పారదు, విషప్రభావం మాత్రం మిగులుతుంది.

ట్యాంకులో మార్చినవి వైద్యమంత ముఖ్యం. తేమ మీటర్ 40 శాతం చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు చిలకరించి, మీటర్‌తో పాటు గాలి చొరని సంచిలో మూసి పన్నెండు గంటలు ఉంచాలి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా మీటర్ 86 అంది. అంటే 40 అనుకున్నది 30 చుట్టుపక్కలే. లెపర్డ్ గెకోకి ట్యాంకంతా 30, 40 మధ్య ఉన్నా పర్వాలేదు, కానీ ఒక తడి గూడు మాత్రం తప్పదు, అందులో 70, 80 ఉండాలి. నా తడి గూడు సరిగ్గా హీట్ మ్యాట్ మీద పెట్టి ఉంది, లోపలి నాచు ఒక్క రోజులో ఎండిపోతోంది. దాన్ని వెచ్చని వైపుకీ చల్లని వైపుకీ మధ్యకి జరిపాను, స్ఫాగ్నమ్ నాచు బదులు వైద్యం అయ్యేదాకా తడి టిష్యూ, రోజూ మార్చడం. నేల మీదున్న కొబ్బరిపొట్టు తీసేసి అంతా కిచెన్ టిష్యూ పరిచాను. కంట్లో జిడ్డున్న గెకో కింద ఇసుక, పొట్టు, చెక్కపొడి ఏదీ ఉండకూడదు.

వెచ్చని గూటి నేల మీద 32 డిగ్రీలు, చల్లని వైపు 25, రాత్రి కూడా 22 కంటే దిగకుండా. వేడి తగ్గితే గెకో ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి, పుండు మానడం, మందు పనిచేయడం కూడా. జబ్బుపడింది కదా, చల్లగా ఉంటే హాయిగా ఉంటుందని వేడి ఆపెయ్యడం మనుషుల ఆలోచన. యూవీబీ గొట్టం మాత్రం పుండు మానేదాకా ఆపమన్నారు, గది వెలుతురు చాలు.

తిండి సంగతి. ఒంటి కంటితో వేటాడటం రాక కోపంతో ముఖం తిప్పుకునేది. మొద్దు మొనల చెక్క పట్టకారుతో పురుగుని బాగున్న కుడి కంటి వైపు, ముక్కుకి రెండు సెంటీమీటర్ల దూరంలో, నేలకి ఆనించి మెల్లిగా కదిలిస్తే నాలుగో రోజుకి అలవాటు పడింది. ఎదురుగా పెడితే గురి తప్పుతుంది. కీచురాళ్ళు పూర్తిగా మాన్పించాను, మిగిలిపోయిన కీచురాయి రాత్రి మూసిన కంటి అంచునే కొరుకుతుంది. రెండు కళ్ళూ మూసుకున్న గెకో అయితే పురుగు తల నలిపి ఆ రసం పెదవికి రాస్తే నాకుతుంది, రుచి తగిలాక నోరు తెరుస్తుంది. నోరు బలవంతంగా తెరవొద్దు, దవడ విరుగుతుంది. నీళ్ళు మాత్రం ముక్కు కొసన చుక్క పెడితే చాలు. రెండు రోజులకోసారి ఒకే వేళకి తూచాను: 58, 57, 57, 58, 60. 57 దగ్గర రెండుసార్లు ఆగినప్పుడు కొంచెం దడ పుట్టింది.

రోజూ ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి ఫోటో తీశాను. రోజూ చూసే కంటికి మార్పు తెలీదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఏడో రోజుకి జిగురు పోయింది. పదో రోజుకి చీకట్లో కన్ను సగం తెరిచేది, వెలుతురులో మూసేది. పన్నెండో రోజు మళ్ళీ రంగు పరీక్ష, మచ్చ సూదిమొనంత మిగిలింది. కుడి కన్ను ఇంకోసారి కడిగారు, అందులో ఏమీ రాలేదు. పద్దెనిమిదో రోజుకి రెండు కళ్ళూ సమానంగా తెరిచి పట్టకారు లేకుండానే పురుగుని పట్టింది, మొదటి దూకుకే. అప్పటికే యాంటీబయాటిక్ ఆపేశాం, నిలవ ఉంచే రసాయనం (ప్రిజర్వేటివ్) కలపని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ కృత్రిమ కన్నీటి చుక్కలు మాత్రం పూటకొకటి కొనసాగించాం. విటమిన్ ఎ ఇచ్చినా గ్రంథులు మళ్ళీ తడి ఇవ్వడానికి వారాలు పడుతుంది, ఆ లోపు కన్ను ఎండకుండా ఉండాలి. ఇరవై ఆరో రోజు పరీక్షలో రంగు ఎక్కడా నిలవలేదు. నల్లగుడ్డు కింది వైపు పొగచూరినట్టు చిన్న మచ్చ ఉండిపోయింది. దాంతో చూపుకి ఇబ్బంది లేదని చెప్పారు.

ఈ లక్షణాలుంటే ఇంట్లో ఒక్క పూట కూడా ఆగకండి: కన్ను ముందుకి పొడుచుకు రావడం, నల్లగుడ్డు నీలంగానో తెల్లగానో మబ్బుపట్టడం, రక్తం, రెండు కళ్ళూ ఒకేసారి మూసుకోవడం, తోక సన్నబడటం. తోక పుల్లలా అవుతూ విరేచనాలూ ఉంటే క్రిప్టోస్పోరిడియం అనే పేగుల పరాన్నజీవి కూడా అయ్యుండొచ్చు. అప్పుడు కన్ను వెనక వరసలోకి పోతుంది, ఇంట్లో ఉన్న మిగతా గెకోలని వెంటనే వేరు చేయాలి. ఏ గెకోని పట్టుకున్నా తర్వాత సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా బాక్టీరియా గెకోకి ఏమీ చెయ్యకుండానే మనకి అంటుకుంటుంది. కంటి పనికి వాడిన చెంచా వంటింట్లోకి మళ్ళీ రాలేదు.

తర్వాతి కుబుసం ముప్పై ఎనిమిదో రోజు రాత్రి వదిలింది. ముందు రోజే తోలు పాలిపోయింది కాబట్టి తడి గూటిలో టిష్యూ రెండు పూటలా మార్చాను. పొద్దున టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే రెండు రెప్పల చుట్టూ శుభ్రంగా ఉంది. కుడి ముందుకాలి మూడో వేలికి మాత్రం ఉంగరంలా చిన్న తోలు ముక్క మిగిలింది. తేమ డబ్బా మళ్ళీ బయటికి తీశాను.